హైబ్రిడ్ సైకిలు కొంటున్నారా? రంగు కాదు, టైరు చూడండి

గుంటూరు: హైబ్రిడ్ అన్న మాట వినగానే ఈ ప్రాంత రైతుకు పత్తి విత్తనమో, మిరప విత్తనమో స్ఫురిస్తుంది. 1970లో గుజరాత్‌లో విడుదలైన హెచ్-4, 1972 నాటి వరలక్ష్మి మొదలుకొని సంకరజాతి పత్తి నల్లరేగడి నేలల వ్యవసాయాన్నే మార్చివేసింది. ఇప్పుడు అదే మాట సైకిలు దుకాణాల్లో వినవస్తోంది. నగరంలోనూ, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట వంటి పట్టణాల్లోనూ దుకాణాల ముందు వరుసగా నిలబెట్టిన సైకిళ్లలో సగానికి పైగా గేర్లవే. వాటిలో ఏది నిజంగా హైబ్రిడ్డో, ఏది అంటించిన బొమ్మ మాత్రమేనో తెలియక కొనుగోలుదారులు తికమకపడుతున్నారు. విత్తనాల సంచి మీద బొమ్మను నమ్మి మోసపోయిన అనుభవం ఉన్న జిల్లాలో ఈ జాగ్రత్త గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

పన్నెండు వేలో పదిహేను వేలో పోసి కొన్న సైకిలు ఆరు నెలలు తిరగకుండానే వరండాలో తుప్పుపట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే. చిన్న ఉద్యోగికి అది సగం నెల జీతం. దానికి కారణం చాలాసార్లు తొక్కేవారి బద్ధకం కాదు. తమ దారికి, తమ ఒంటికి పొసగని సైకిలును ఎంచుకోవడమే.

ఏమిటీ సంకరం?

పందెపు సైకిలుకు పెద్ద చక్రం, సన్నటి టైరు, కిందికి వంగిన హ్యాండిలు ఉంటాయి. వేగం దాని గుణం. నడుం వంచి తొక్కాలి, గుంత తగిలితే ఎముకలు కదులుతాయి. కొండదారుల సైకిలుకు లావు టైరు, దిట్టమైన చట్రం, ముందు షాక్‌లు ఉంటాయి. దేన్నయినా తట్టుకోవడం దాని గుణం. అయితే తారురోడ్డు మీద అది బరువు, పైగా టైరు గుబ్బలు రోడ్డును పట్టుకొని వెనక్కి లాగుతాయి. ఈ రెండింటి నుంచి కావలసినవి ఏరుకొని, పెద్ద చక్రం, మధ్యరకం టైరు, నిటారుగా కూర్చోవడానికి వీలైన అడ్డహ్యాండిలు అమర్చినదే హైబ్రిడ్. కొండదారుల సైకిళ్లు విదేశాల్లో మార్కెట్‌ను ముంచెత్తిన తరువాత, 1980ల చివర ఈ రకం రూపుదిద్దుకుంది.

ఆ మాటకొస్తే మన తాతల నాటి నల్ల సైకిలు కూడా చేసిన పని ఇదే. 28 అంగుళాల చక్రం, అంగుళంన్నర టైరు, నిటారు కూర్చీ, వెనుక క్యారియరు. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956 నుంచి తయారవుతున్న హీరో సైకిళ్ల మీదనే ఈ మైదానంలోని పాల కేంద్రాలు, పొగాకు బేళ్లు, బడిపంతుళ్లు నడిచారు. మునిసిపాలిటీ బిళ్ల లేకపోయినా, రాత్రిపూట దీపం లేకపోయినా పోలీసు ఆపిన రోజులు పెద్దలకు ఇంకా గుర్తే. అట్లాస్ చివరి కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. నల్ల సైకిలు మాత్రం నేటికీ దొరుకుతోంది. రోజూ నలభై లీటర్ల పాలో, రెండు బస్తాల కూరగాయలో మోసేవారు దాన్ని వదిలి హైబ్రిడ్ వైపు చూడవలసిన పని లేదు. సుమారు ఇరవై కిలోల ఆ ఇనుము బరువులు మోయడానికే పుట్టింది. పదమూడు నుంచి పదహారు కిలోల మధ్య తూగే హైబ్రిడ్ మనిషిని, అతని భోజనం క్యారియరును, ఒక సంచిని మోయడానికి పుట్టింది.

టైరే ప్రధానం

దుకాణంలో అడుగుపెట్టినవారు మొదట రంగు చూస్తారు, తరువాత గేర్లు లెక్కపెడతారు, ఆఖరున ధర అడుగుతారు. అసలు మొదట వంగి టైరు పక్కన ముద్రించిన అంకెలు చదవాలి. హైబ్రిడ్ టైరు మీద సాధారణంగా 700×35సి వంటి గుర్తు ఉంటుంది. ఇందులో 35 అన్నది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ పక్కనే 37-622 వంటి మరో జత అంకెలుంటాయి. ఇందులో 622 అన్నది టైరు కూర్చునే రిమ్ము కొలత. మన పాత 28 అంగుళాల సైకిలు రిమ్ము కొలత 635. చూడటానికి రెండు చక్రాలూ ఒకేలా ఉంటాయి. కానీ పల్లెలోని సైకిలు షాపులో దొరికే 28×1½ టైరు హైబ్రిడ్ రిమ్ముపై వదులై జారిపోతుంది. దారిలో అవసరం పడితే ట్యూబు మాత్రం ఎలాగోలా సర్దుకుంటుంది. కాబట్టి టౌనుకు దూరంగా ఉండేవారు కొన్ననాడే ఒక టైరు, రెండు ట్యూబులు అదనంగా తెచ్చి ఇంట్లో ఉంచుకోవడం మేలు.

వెడల్పు ఎంత ఉండాలన్నది దారిని బట్టి నిర్ణయించుకోవాలి. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వంటి వీధుల్లోనే తిరిగేవారికి 32 నుంచి 35 చాలు. అమరావతి రోడ్డు మీదుగా లాం వైపు, పేరేచర్ల వైపు, ప్రత్తిపాడు వైపు రోజూ వెళ్లేవారికి తారురోడ్డు అంచున కంకరలోకి దిగవలసిన సందర్భాలు ఎక్కువ. వెనుక నుంచి లారీ హారన్ కొడితే దిగక తప్పదు. వారికి 38 నుంచి 42 వరకు ఉన్న టైరు నప్పుతుంది. సాగర్ కుడికాలువ గట్ల మీద తిరిగే పల్నాడు రైతులకు, లష్కర్లకు 42 కన్నా తక్కువ పనికిరాదు.

ఇక నల్లరేగడి. వాన పడిన చేలగట్టు మీద సైకిలు తొక్కినవారికి ఈ మట్టి గుణం తెలుసు. అది టైరుకు అంటుకొని, మడ్‌గార్డుకు టైరుకు మధ్య గట్టిపడి, నాలుగు గజాలు వెళ్లేసరికి చక్రాన్ని కదలనివ్వదు. సైకిలును భుజాన వేసుకొని నడవాల్సి వస్తుంది. మడ్‌గార్డు టైరుకు మరీ దగ్గరగా ఉన్న సైకిలు పొలం వెళ్లే మనిషికి పనికిరాదు. మధ్యలో చిటికెన వేలు దూరేంత సందు ఉన్నదో లేదో దుకాణంలోనే వేలు పెట్టి చూసుకోవచ్చు. మడ్‌గార్డులు అసలే లేకుండా అమ్మే సైకిళ్లు కూడా ఉన్నాయి. అవి చూపులకు సొగసుగానే ఉంటాయి. తొలకరి వానకు ఆఫీసు చేరేసరికి చొక్కా వీపున నిలువునా బురద చార పడినప్పుడు గానీ ఆ సొగసు ఖరీదు తెలియదు.

పంచరు సంగతి మరొకటి. రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద పెరిగే సర్కారు తుమ్మ ముల్లు, బీడుల్లోని పల్లేరుకాయ సన్నటి టైరుకు బద్ధశత్రువులు. నడిమి భాగం దళసరిగా ఉన్న టైరును అడిగి వేయించుకోవాలి. అలాగే ట్యూబు వాల్వు చూడాలి. వాల్వులు మూడు రకాలు. ఒకటి పాత సైకిళ్లకు ఉండే రబ్బరు వాల్వ్‌ట్యూబు రకం. రెండోది మోటారు సైకిలుకు ఉండే రకం. మూడోది సన్నగా పొడవుగా ఉండి, కొసన చిన్న మరను వదులు చేసి గాలి కొట్టవలసిన పందెపు సైకిళ్ల రకం. ఈ మూడో రకానికి మన పంచరు షాపుల పంపు గాని, పెట్రోలు బంకు గొట్టం గాని పట్టదు. ఎంత మంచి సైకిలైనా ఆ వాల్వు ఉంటే, దానికి తగిన తొడుగు జేబులో వేసుకొని తిరగాలి. మోటారు సైకిలు రకమైతే ఏ ఊళ్లోనైనా బెంగ లేదు.

గాలి కూడా కొలతగా ఉండాలి. 35 వెడల్పు టైరుకు యాభై నుంచి డెబ్బయి పాయింట్లు అవసరం. స్కూటర్లకు అలవాటుపడిన బంకు కుర్రాడు ముప్పయి దగ్గర ఆపేస్తాడు. ఆ గాలితో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి పాము కాటులా జంట రంధ్రాలు పడతాయి. బండి బరువుగా ఉందని, సైకిలే మంచిది కాదని విసుక్కునేవారిలో సగం మంది సమస్య ఈ గాలే. కాలితో తొక్కి పట్టి కొట్టే పంపు ఒకటి ఇంట్లో ఉంటే వారానికి ఒకసారి రెండు నిమిషాల పని.

గేర్లు ఎన్ని కావాలి?

ఇరవై ఒక్క గేర్లు అన్న మాట అమ్మకానికి పనికొస్తుంది, గుంటూరుకు పనికిరాదు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనుక ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి. వీటిలో చాలా జతలు ఒకదానితో ఒకటి ఇంచుమించు సమానమే. కొండవీడు ఘాట్‌రోడ్డో, కోటప్పకొండో ఎక్కాలనుకునేవారిని మినహాయిస్తే, బల్లపరుపుగా ఉన్న ఈ నేల మీద ముందు ఒకటి, వెనుక ఏడు ఉంటే ధారాళంగా సరిపోతుంది.

లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. ముందు చక్రానికి 42 పళ్లు, వెనుక పెద్దదానికి 28, చిన్నదానికి 14 పళ్లు ఉన్నాయనుకుందాం. పెద్దదాని మీద చైను ఉన్నప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు మూడుంపావు మీటర్లు సాగుతుంది. వంతెన ఎక్కడానికి, ఎదురుగాలికి అది హాయి. చిన్నదాని మీద ఉన్నప్పుడు ఆరున్నర మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఇరవై మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగం. రోజువారీ ప్రయాణానికి అంతకు మించి ఎవరికి కావాలి? ముందు 44, వెనుక 18 పళ్లు ఉన్న గేర్లు లేని సైకిలు ఒక చుట్టుకు సుమారు అయిదున్నర మీటర్లు సాగుతుంది. చదును రోడ్డుకు అదీ చాలినదే. ఎటొచ్చీ మే నెల పడమటి గాలిలో, కంకరగుంట వంతెన మీద అది మోకాళ్లను అడుగుతుంది.

గేర్లు పెరిగినకొద్దీ తీగలు, మీటలు, సర్దుబాట్లు పెరుగుతాయి. నగరంలో వీటిని సరిచేయగల మెకానిక్కులు ఉన్నారు. మండల కేంద్రం దాటితే పాత మేస్త్రీలే దిక్కు. వారు గోళీలు మార్చి ఓవరాయిలు చేయడంలో, చక్రం బెండు తీయడంలో సిద్ధహస్తులు. గేరు తీగ జోలికి మాత్రం పోరు. ఈ కారణంగా గేర్లే లేని హైబ్రిడ్‌ను పల్లెవారికి సూచించడానికి ఈ విలేకరి వెనుకాడడు. ధరలోనూ మూడు నాలుగు వేలు తగ్గుతుంది.

షాక్‌లు, డిస్కులు వద్దేవద్దు

కళాశాల విద్యార్థులు ముచ్చటపడేది ఈ రెండింటికే. పాతిక వేల లోపు సైకిళ్లకు అమర్చే ముందు షాక్‌లలో ఉండేది ఒక మామూలు స్ప్రింగు మాత్రమే. అది సైకిలుకు అదనపు బరువు తెస్తుంది. నిలబడి తొక్కిన ప్రతిసారీ మన బలంలో కొంత దిగమింగుతుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి తుప్పుపట్టి బిగుసుకుంటుంది. అప్పుడది బరువు ఎక్కువైన మామూలు ఫోర్కు. వెనుక కూడా షాకు ఉన్న చవక సైకిలు గురించి అసలు మాట్లాడుకోనవసరం లేదు. గుంతల రోడ్డుకు మందు షాక్ కాదు, రెండు మిల్లీమీటర్లు వెడల్పయిన టైరు.

బ్రేకుల విషయంలో చూడవలసింది డిస్కు ఉన్నదా లేదా అని కాదు, రిమ్ము దేనితో చేసినదని. ఇనుప రిమ్ముకు మెరిసే పూత ఉంటుంది. తడిసినప్పుడు దాని మీద బ్రేకు రబ్బరు పట్టదు. మూడు వంతెనల దగ్గర నిలిచిన నీటిలోంచి బయటికి వచ్చి, ఎదురుగా ఆటో ఆగినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. అల్యూమినియం రిమ్ముకు, పెద్ద చేతుల బ్రేకులు బిగిస్తే తడిలోనూ నమ్మకంగా ఆగుతుంది. రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరైనా మార్చగలరు. డిస్కు బ్రేకు బురదలో బాగానే పనిచేస్తుంది, నిజమే. కానీ సైకిళ్ల స్టాండులో పక్క సైకిలు ఒరిగితే ఆ పలుచటి బిళ్ల వంగుతుంది. ఆ తరువాత ప్రతి చుట్టుకూ కీచుమంటుంది. చవక డిస్కు కన్నా మంచి రబ్బరు బ్రేకు మేలు.

చట్రం ఇనుముదా, అల్యూమినియందా అన్న ప్రశ్నకు సమాధానం ఊరిని బట్టి మారుతుంది. బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల ఉప్పుగాలికి ఇనుము త్వరగా తింటుంది. అక్కడ అల్యూమినియం మంచిది. మెరక ప్రాంతంలో ఇనుప చట్రమే చవక, దిట్టం. విరిగితే ఊళ్లో వెల్డింగు చేయించుకోవచ్చు. అల్యూమినియం అతుకు అందరి వల్లా కాదు.

చొక్కా కొలిచినట్లే సైకిలునూ కొలవాలి

చిన్న సైజు, పెద్ద సైజు అని దుకాణదారు నోటిమాటగా చెబితే ఒప్పుకోరాదు. సీటు ముందున్న అడ్డుగొట్టానికి ఇరువైపులా కాళ్లు పెట్టి, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి నిలబడాలి. గొట్టానికి, ఒంటికి మధ్య అంగుళం నుంచి రెండంగుళాల సందు ఉండాలి. గొట్టం తగులుతుంటే సైకిలు పెద్దది. తరువాత సీటు మీద కూర్చొని, గోడను పట్టుకొని, మడమను కింద ఉన్న పెడలు మీద ఆనించాలి. కాలు నిటారుగా సాగితే సీటు ఎత్తు సరిపోయినట్లు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీదికి వస్తుంది కనుక మోకాలి దగ్గర కొద్దిగా మడత మిగులుతుంది. మన వాళ్లు ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటును బాగా దించి తొక్కుతారు. మోకాళ్ల నొప్పులకు ఇదే దారి. ఎదిగే పిల్లలకని రెండు సైజులు పెద్దది కొనడమూ అలాంటిదే. నిక్కరు పెద్దదైతే మడిచి కుట్టించవచ్చు గాని సైకిలును మడవలేం.

చీరకు, చుడీదార్‌కు, పంచెకు అడ్డుగొట్టం ఉన్న సైకిలు కుదరదు. గొట్టం కిందికి వంగిన హైబ్రిడ్‌లు దొరుకుతున్నాయి. వాటిని ఆడవాళ్ల సైకిలని మగవారు చిన్నచూపు చూడవలసిన పనిలేదు. మోకాలు వంగని పెద్దవయసు వారికీ, వెనుక పిల్లవాడిని ఎక్కించుకునే తండ్రికీ అదే సౌకర్యం. చున్నీ, చీర కుచ్చిళ్లు చక్రంలో పడి జరిగే ప్రమాదాలు వార్తలుగా వస్తూనే ఉన్నాయి. హైబ్రిడ్‌లలో ఎక్కువ వాటికి చైన్‌కవరు గాని, వెనుక చక్రానికి చీరగార్డు గాని రావు. వీటిని విడిగా బిగించుకునే వీలున్నదా అని అడగాలి. క్యారియరు సంగతీ అంతే. వెనుక ఇరుసు దగ్గర, సీటు కింద చట్రానికి మరలు బిగించే చిన్న రంధ్రాలు ఉంటేనే క్యారియరు గట్టిగా నిలబడుతుంది. అవి లేని చట్రానికి మధ్య గొట్టాన్ని పట్టుకొని వేలాడే క్యారియరు అంటగడతారు. దాని మీద టిఫిను డబ్బా కంటే బరువైనది పెడితే పక్కకు తిరుగుతుంది. స్టాండు, క్యారియరు, మడ్‌గార్డులు, బెల్లు, తాళం అన్నీ కలిపి ధర ఎంతో తేల్చుకున్న తరువాతనే ఏది చవకో నిర్ణయించాలి.

లాభనష్టాల లెక్క

ఆఫీసు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. రాను పోను పన్నెండు. నెలకు పాతిక రోజులు అంటే మూడు వందల కిలోమీటర్లు. లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లు ఇచ్చే స్కూటరు మీద, లీటరు 110 రూపాయల లెక్కన, నెలకు సుమారు 730 రూపాయల పెట్రోలు. ఏడాదికి 8,800. పద్నాలుగు వేల సైకిలు పందొమ్మిది నెలల్లో తన ఖరీదు తాను రాబట్టుకుంటుందని దుకాణాల్లో చెప్పే లెక్క ఇదే.

అది కాగితం మీది లెక్క. ఏప్రిల్ రెండో వారం నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది దాటితే ఈ ఎండలో ఎవరూ తొక్కలేరు, తొక్కకూడదు కూడా. ముసురు పట్టిన రోజులు, పెళ్లిళ్లు, ఒంట్లో బాగాలేని రోజులు వేరే ఉన్నాయి. ఏడాదికి ఎనిమిది నెలలే తొక్కారనుకుంటే ఆదా 5,900 లోపే. దాంట్లోంచి ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, ఏడాదికో ఓవరాయిలు పోనూ సైకిలు ఖరీదు తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. మూడేళ్లు నిలిచే సైకిలు కొంటేనే అది ఆదా. రెండేళ్లకే మూలపడే మెరుపు సైకిలు కొంటే పెట్రోలే చవక.

పన్ను విషయం ఒకటి గమనించాలి. సైకిళ్లపైన, విడిభాగాలపైన 12 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను కాక పన్నెండు వేల ధర ఉన్న సైకిలు అంతకుముందు 13,440 అయ్యేది, ఆ తరువాత 12,600. తేడా 840 రూపాయలు. అది మంచి తాళం, హెల్మెట్టు ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం. బిల్లు అడిగి తీసుకుంటేనే ఈ తేడా మన చేతికి వచ్చిందో లేదో తెలుస్తుంది.

ఎలక్ట్రిక్ సైకిళ్ల గురించి పలువురు అడుగుతున్నారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. అయితే ధర మామూలు హైబ్రిడ్‌కు రెట్టింపు, బ్యాటరీ మార్పిడి ఖర్చు వేరు. పదిహేను కిలోమీటర్లకు పైగా వెళ్లేవారు మాత్రమే ఆలోచించదగ్గది.

అట్టపెట్టెలో వచ్చేవి

ఆన్‌లైన్‌లో తెప్పించుకునే సైకిలు సగం విప్పి అట్టపెట్టెలో వస్తుంది. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్లు మనమే బిగించుకోవాలి. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. ఎడమ పెడలు మర అపసవ్య దిశలో ఉంటుంది. ఆ సంగతి తెలియక కుడిదాన్ని ఎడమకు పెట్టి స్పానరుతో బలంగా తిప్పితే క్రాంకులోని మర అరిగిపోతుంది. ఇక పెడలు నిలవదు, క్రాంకు మార్చక తప్పదు. పెడళ్ల మీద ఉండే ఎల్, ఆర్ అక్షరాలు చూసి బిగించాలి. రెండోది ఫోర్కు. దాన్ని వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ముందు బ్రేకు, ఫోర్కు వంపు రెండూ ఎదుటివైపుకు ఉండాలి. రెండు మూడు వందలు పోయినా మేస్త్రీ చేత బిగించుకోవడం క్షేమం. కొత్త సైకిలుకు నెల రోజుల్లో తీగలు సాగుతాయి, చువ్వలు వదులవుతాయి. ఆ సర్దుబాటు ఉచితంగా చేసిపెట్టే దుకాణం వంద రూపాయలు ఎక్కువ చెప్పినా అక్కడే కొనవచ్చు.

చైనుకు వాడిన ఇంజను ఆయిలు పోయడం మన దగ్గర దురలవాటు. దుమ్మును పట్టి అది గంధంలా మారి పళ్లను అరగదీస్తుంది. మిర్చి యార్డు పరిసరాల్లో సీజనులో తిరిగే సైకిళ్ల చైన్లను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, గుడ్డతో తుడిచేస్తే చాలు. అన్నట్టు జనవరి నుంచి మిర్చి సీజను ముగిసేదాకా ఆ దారిన వెళ్లేవారికి సైకిలు కన్నా ముందు కళ్లజోడు, ముక్కుకు గుడ్డ అవసరం.

రహదారి మీద జాగ్రత్త

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలు ఉండగా, మోటారు ద్విచక్రవాహనాలు ఉన్నవి 21 మాత్రమే. రోడ్లు వేసినవారు మాత్రం ఆ నలభై అయిదుగురిని లెక్కలోకి తీసుకోలేదు. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద సైకిలుకంటూ వేరే దారి లేదు. సర్వీసు రోడ్డు ఉన్నంత దూరం అదే పట్టుకోవడం, లేనిచోట ఊళ్ల మీదుగా వెళ్లే పాత దారి ఎంచుకోవడం శ్రేయస్కరం. అయిదు కిలోమీటర్లు చుట్టయినా సరే. శంకర్‌విలాస్ వద్ద పాత పైవంతెన స్థానంలో కొత్తది కట్టే పనులు 2025లో మొదలైన నాటి నుంచి ఆ రద్దీ చుట్టుపక్కల దారుల మీద పడింది. ఇలాంటి చోట్ల ముందుగా సైకిలు మీద ఒక ఆదివారం నాడు వెళ్లి దారి చూసుకోవాలి.

సైకిలు తొక్కేవారికి హెల్మెట్టు చట్టరీత్యా తప్పనిసరి కాదు. కానీ తల అదే తల. పెట్టుకుంటే మంచిది. దానికన్నా ముందుగా వెనుక ఎర్రదీపం కావాలి. పత్తి బోరాలు వేసుకొని వెళ్లే ట్రాక్టర్లకే వెనుక దీపాలు లేని రోడ్ల మీద, చీకటి పడ్డాక దీపం లేని సైకిలు డ్రైవరు కంటికి ఆనదు. ఛార్జింగు పెట్టుకునే చిన్న దీపాలు మూడు నాలుగు వందలకు దొరుకుతున్నాయి. పెడళ్ల పసుపు బిళ్లలు, వెనుక ఎర్రబిళ్ల ఊడదీసి పారేయకూడదు.

పాతది కొనవచ్చా?

2020లో కరోనా సమయాన గేర్ల సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అప్పుడు కొన్నవాటిలో చాలా మటుకు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగకుండా అపార్టుమెంట్ల కింద నిలిచిపోయాయి. సగం ధరకు ఇస్తామనేవారు తారసపడతారు. మంచి సైకిలు చేతికి రావడానికి ఇదొక దారే. చట్రం అతుకుల దగ్గర పగులు ఉన్నదా, చక్రం తిప్పితే వంకర పోతున్నదా, పెడలు పట్టి అటూ ఇటూ కదిపితే లోపల ఆట ఉన్నదా అని చూడాలి. ఎండకు నిలిచిన టైర్లు పక్కల నెర్రెలిస్తాయి. వాటిని మార్చే ఖర్చు రెండు వేల దాకా ధరలోంచి తగ్గించి అడగాలి. అసలు బిల్లు తప్పక తీసుకోవాలి. పెడళ్లు కలిసేచోట, చట్రం అడుగున ఒక నంబరు చెక్కి ఉంటుంది. అది బిల్లులోని నంబరుతో సరిపోవాలి. సరిపోకపోతే ఎంత చవకైనా వదిలేయడమే. కొత్తది కొన్నవారు సైతం ఆ నంబరును ఫొటో తీసి ఉంచుకోవాలి. సైకిలు పోయిందని పోలీసు స్టేషనుకు వెళితే రాసుకునేవారు మొదట అడిగేది దాన్నే.